అందరికీ రామారావు లాంటి నాన్న ఉండడు

పోయిన మిర్చి కోతల కాలంలో, ఒక పొద్దున భద్రాచలం బస్టాండులో ఖమ్మం బస్సు కోసం కూర్చున్నాను. పక్కనే ఓ పిల్ల. పదహారేళ్లుంటాయేమో. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో రెండు జతల బట్టలు, పదో తరగతి మార్కుల కాయితం. మాటల్లో పెడితే మెల్లగా చెప్పింది. ఇంట్లో మేనమామతో పెళ్లి ఖాయం చేశారట. వద్దంటే కొట్టారట. తెల్లారకముందే బస్సెక్కేసింది. ఎక్కడికి పోతావంటే తెలీదంది. కాసేపాగి నన్ను ఒక్కటే అడిగింది, ఇల్లొదిలి వచ్చినందుకు పోలీసులు జైల్లో పెడతారా అని.

పెట్టరమ్మా అన్నాను. అంటుంటే నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తొచ్చారు. భద్రాచలం ముందు నుంచి పారే గోదావరే దిగువన రాజమండ్రి చేరుతుంది కదా. అక్కడ పుట్టిన ఓ పిల్ల కూడా నూరేళ్ల కిందట, ఇంచుమించు ఇదే వయసులో, కాపురానికి వెళ్లనని మొరాయించింది.

దుర్గాబాయి 1909 జులై 15న పుట్టారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఎనిమిదో ఏటే సుబ్బారావు అనే బంధువుకిచ్చి పెళ్లి చేసేశారు. పెళ్లంటే ఏమిటో తెలియని వయసు. కానీ ఆ పిల్ల చురుకు మామూలుది కాదు. చిన్నతనంలోనే ఇంగ్లీషు చదువు మానేసి, హిందీ నేర్చుకుని, తోటి ఆడపిల్లలకి చెప్పడానికి ఓ బడి పెట్టింది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో వాలంటీరుగా ఉండి, టికెట్ లేదని సాక్షాత్తూ నెహ్రూనే ఎగ్జిబిషన్ గుమ్మం దగ్గర ఆపేసింది.

పదిహేనో ఏడు వచ్చింది. కాపురానికి పంపాల్సిన వేళ. దుర్గ వెళ్లనంది. నాన్న రామారావు, అన్నదమ్ముడు ఆ పిల్ల పక్షాన నిలబడ్డారు. మనం ఈ మాట చదివి ముందుకెళ్లిపోతాం గానీ, నాకు ఆవిడ జీవితమంతా ఈ ఒక్క మలుపు మీదే ఆధారపడిందనిపిస్తుంది. ఎందుకంటే ఆ రోజుల్లో ఆ పిల్లని కాపాడే చట్టమంటూ ఏదీ లేదు.

లేదు సరికదా, ఉన్నదంతా అవతలి పక్షానికే ఉండేది. బొంబాయిలో రఖ్మాబాయికి పదకొండో ఏట పెళ్లయింది. పెద్దయ్యాక కాపురానికి వెళ్లనంటే భర్త 1884లో కోర్టుకెక్కాడు. వెళ్తావా, లేక ఆరు నెలలు జైలుకెళ్తావా అని 1887లో కోర్టు తీర్పు చెప్పింది. జైలుకే వెళ్తానందా మహాతల్లి. చివరికి డబ్బు ముట్టజెప్పి రాజీ పడ్డాక గానీ ఆ గొడవ తెగలేదు. తర్వాత ఆవిడ డాక్టరయ్యారు. దుర్గకి అలాంటి కోర్టు మెట్లెక్కే పని పడలేదంటే ఇంట్లోవాళ్లు అండగా ఉండబట్టే.

1930 ఉప్పు సత్యాగ్రహంలో దుర్గాబాయి జైలుకెళ్లారు. తర్వాత మదురై జైల్లో ఒంటరి గదిలోనూ ఉన్నారు. అక్కడ ఏళ్లకేళ్ల శిక్షలు పడ్డ ఆడవాళ్లని చూశారు. తాము ఏ నేరానికి లోపలున్నామో, కోర్టులో ఏం చెప్పాలో కూడా తెలియని వాళ్లు. లాయరునవుతానని ఆవిడ అక్కడే అనుకున్నారు. కానీ చేతిలో మెట్రిక్ కూడా లేదు! ఇరవై దాటాక మళ్లీ మొదట్నించీ మొదలెట్టి, బెనారస్ మెట్రిక్ పాసయ్యారు. డిగ్రీకి ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్తే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. తనలాంటి విద్యార్థినులని కూడగట్టి తామే హాస్టల్ పెట్టుకున్నారు. తర్వాత మద్రాసులో లా చదివి, 1942లో లాయరుగా పేరు నమోదు చేయించుకున్నారు.

తను పడ్డ పాట్లు మరచిపోలేదావిడ. మద్రాసులో ఆడవాళ్లకి ఆ బెనారస్ పరీక్షకే పాఠాలు చెప్పడం మొదలెట్టారు. 1937లో ఆంధ్ర మహిళా సభ పుట్టింది ఆ ప్రయత్నంలోంచే. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లు తక్కువ కాలంలో పరీక్ష రాసుకునే కండెన్స్‌డ్ కోర్సులు 1958లో ఆ బోర్డు ద్వారానే వచ్చాయి. 1953లో చైనా వెళ్లొచ్చాక, మనకీ విడిగా కుటుంబ కోర్టులు ఉండాలని పట్టుబట్టారు. ఆ చట్టం 1984లో వచ్చింది. అది చూడకుండానే 1981 మే 9న ఆవిడ కన్నుమూశారు.

ఇంట్లో తోడు నిలిచే మనిషి లేని ఆడదానికి బయట ఓ చోటు ఉండాలి. ఆవిడ కట్టినవన్నీ అందుకే అని నాకనిపిస్తుంది.

మరి చట్టం సంగతేమిటి? మా ఖమ్మం వైపు ఓ విచిత్రం జరిగింది. శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి పద్నాలుగేళ్లు నిండందే పెళ్లి చేయకూడదంది. కానీ అది బ్రిటిష్ ఇండియాకే. అప్పుడు భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో తూర్పు గోదావరి కింద ఉండేది. ఖమ్మం నిజాం రాజ్యంలో ఉండేది. అంటే ఒకే అడవికి అటు చట్టం, ఇటు లేదు! చట్టమున్న చోట కూడా, పెళ్లి చేసినవాళ్లకి శిక్షే తప్ప జరిగిపోయిన పెళ్లి చెల్లదని చెప్పలేదు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. పదిహేనేళ్లలోపు పెళ్లయిన పిల్ల పద్దెనిమిది నిండేలోపు ఆ పెళ్లిని కాదనవచ్చని హిందూ వివాహ చట్టంలో చేర్చింది 1976లో. దుర్గ అన్న మాటకి చట్టం విలువ ఇవ్వడానికి యాభై ఏళ్లు పట్టిందన్నమాట. పైగా ఆ చట్టం మామూలుగా గిరిజనులకి వర్తించదు.

2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం కోయపిల్లకీ, మన ఇంటి పిల్లకీ ఒకటే. పద్దెనిమిదిలోపు పెళ్లయిన అమ్మాయి, తనకి ఇరవై నిండేలోపు జిల్లా కోర్టులో ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. భరణం, ఉండటానికి చోటు కూడా అడగవచ్చు. ఇంకా జరగని పెళ్లయితే మేజిస్ట్రేటు ఆపించగలరు.

ఇల్లొదిలి వచ్చిన పిల్ల నేరస్తురాలు కాదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, ఇంట్లోంచి వచ్చేసిన పిల్లలూ, పెళ్లి చేసేస్తారనే ప్రమాదంలో ఉన్న పిల్లలూ రక్షణ అవసరమైన బాలలు. అలాంటి పిల్లని 24 గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకి తీసుకెళ్లాలి. పోలీసులే కానక్కర్లేదు, మనలాంటి వాళ్లెవరైనా తీసుకెళ్లవచ్చు. పిల్ల తనంతట తానూ వెళ్లవచ్చు. కమిటీ ఆ పిల్ల మాట వినాలి. ఇంటికి పంపితే క్షేమమా కాదా విచారించాలి. కాదనుకుంటే బాలల సదనంలో ఉంచి చదివించవచ్చు.

అయితే పద్దెనిమిది నిండేదాకా తన ఇష్టమొచ్చిన చోట ఉండే హక్కు చట్టం ఇవ్వలేదు. ఈ సంగతి పిల్లలకీ చెప్పాలి. జాలిపడి ఇంట్లో దాచుకోవడం మంచిది కాదు, వెంటనే కబురు చేయాలి. ప్రేమని నమ్మి కుర్రాడితో వెళ్తే, పిల్ల ఒప్పుకున్నా సరే, కుర్రాడి మీద కిడ్నాప్ కేసూ, పోక్సో కేసూ పడవచ్చు.

ఆ పొద్దున నేను 1098కి ఫోన్ చేశాను. వాళ్లు వచ్చేసరికి నా బస్సు వెళ్లిపోయింది. ఆ పిల్లా నేనూ ఇడ్లీ తిన్నాం. వచ్చిన ఆవిడ వెంట వెళ్తూ, మార్కుల కాయితం నలగకుండా బట్టల మధ్య సర్దుకుంది. తర్వాత ఏమైందో నేను ఆరా తీయలేదు. అలాంటి పిల్లల వివరాలు బయటికి పొక్కకూడదు కూడా.

అందరికీ రామారావు లాంటి నాన్న ఉండడు. అందుకే ఈసారి మీ ఊరి బస్టాండులో అలాంటి పిల్ల కనబడితే, ఎవడితో లేచొచ్చిందో అని గుసగుసలాడకండి. అన్నం తిన్నావా అని అడగండి. ఆ నాలుగంకెలూ నొక్కండి. ఎవరో ఒకరు వచ్చేదాకా పక్కన కూర్చోండి.