గులాబీ ముల్లు

మీ పిల్లవాడి అరికాలిలో ముల్లు విరిగితే ఏమవుతుంది? తెల్లవారేసరికి ఆ చోటు ఎర్రబడి, వాచి, సలుపుతుంది. చీము పడుతుంది. ఇది రోగమా, రక్షణా? దీనికి జవాబు వెదికిన ఎలీ మెచ్నికాఫ్ గారి కథ వినండి.

ఆయన 1845లో, నేటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ప్రాంతంలో జన్మించారు. మొదటి భార్య లుద్మిలా క్షయరోగి. 1869లో పెండ్లినాడు నడవలేని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి దేవాలయానికి మోసుకువెళ్లారు. నాలుగేండ్లకే ఆమె కన్నుమూసింది. దుఃఖం పట్టలేక ఆయన మితిమీరి మార్ఫిన్ మింగారు. వాంతి కావడంతో బ్రతికారు. 1881లో మరల నిరాశలో మునిగి, జ్వరరోగి రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నారు. అప్పుడూ బ్రతికారు. తొందరపడి ఆయనకు తీర్పు తీర్చకండి.

మరుసటి యేడు రెండవ భార్య ఓల్గాతో, ఆమె తోబుట్టువులతో ఇటలీలోని మెస్సీనాకు వచ్చారు. పిల్లల కోసం తోటలోని చిన్న కమలాచెట్టునే క్రిస్మసు చెట్టుగా అలంకరించారు. ఆ రోజుల్లోనే ఒకనాడు ఇంటివారంతా సర్కసుకు వెళ్లగా, ఆయన ఒక్కరే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నారు. నీటిలా పారదర్శకమైన నక్షత్రచేప పిల్లల్లో కణాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఇవి కాపలావాళ్లేమో! ఆ ఊహ రాగానే తోటలోకి వెళ్లి గులాబీ ముళ్లు తెచ్చి, వాటి చర్మం క్రింద గుచ్చారు. రాత్రంతా నిద్ర లేదు. తెల్లవారి చూస్తే, రక్తనాళాలే లేని ఆ జీవిలో కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి.

అప్పటి వైద్యుల్లో చాలామంది తెల్లకణాలు క్రిములను ఒళ్లంతా మోసుకుపోతాయని తలచేవారు. కాదు, మింగుతాయన్నారు మెచ్నికాఫ్. వాపు శరీరం చేసే పోరాటమే అన్నారు. 1888లో లూయీ పాశ్చర్ ఆయనకు పారిస్‌లో ప్రయోగశాల ఇచ్చారు. రక్షణ రక్తద్రవంలోనే ఉందని జర్మను శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి వాదించారు. చివరకు 1908లో నోబెల్ బహుమతిని ఆయనకూ, అవతలి పక్షపు పాల్ ఎర్లిక్‌కూ కలిపి ఇచ్చారు. ఇద్దరి మాటలోనూ నిజముంది మరి.

కాపలావాడు యుద్ధం ఆపడం కూడా తెలిసినవాడై ఉండాలి. ముందుగా పోరాడిన కణాలు చనిపోతే, పెద్ద భక్షక కణాలు వాటిని మింగి, వాపు తగ్గించే సంకేతాలు పంపుతాయని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఆ విరమణ తప్పితే శరీరం తన కీళ్లనే కాల్చుకుంటుంది. కొన్ని కీళ్లవాతాలు ఇలాంటివే.

ఆయన దేవుణ్ణి నమ్మలేదు. ఆ సంగతి దాచడం నాకిష్టం లేదు. పులిసిన పాలు ఆయుష్షు పెంచుతాయని మాత్రం గట్టిగా నమ్మి, రోజూ త్రాగేవారు! 1916లో పారిస్‌లో మరణించారు. ఆయన చితాభస్మం నేటికీ పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో ఉంది.