శ్రీనాథుడు - మా ఊరి నీళ్లు

మాది గురజాల వైపు. హాస్టల్లో చేరిన కొత్తలో ఊరి పేరు చెప్పగానే ఒకడు శ్రీనాథుడి చాటువు ఎత్తుకున్నాడు. రాళ్లు, జొన్నకూడు, పాములు, తేళ్లు... అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, లోపల చురుక్కుమంది. ఆ ఉక్రోషంతోనే ఆయన జీవితం చదివాను.

శ్రీనాథుడు 14వ శతాబ్దం రెండో సగంలో పుట్టాడు. కొండవీట్లో పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారి. శృంగార నైషధం రాశాడు. విజయనగరం వెళ్లి, ప్రౌఢదేవరాయల కొలువులో గౌడ డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకున్నాడు. అంతటివాడు పల్నాడు వచ్చి గుక్కెడు నీళ్లకు కటకటలాడాడట. ఇద్దరు భార్యలెందుకు, గంగను ఇటు వదిలెయ్యమని శివుడితోనే పేచీ పెట్టాడని చెప్పుకుంటారు.

ఆయన అబద్ధం చెప్పలేదు. కృష్ణ మాకు పక్కనే, కానీ నల్లమల కొండల మధ్య లోతుగా పారేది. మేమేమో పైన, సున్నపురాయి నేల మీద. మాచర్ల దగ్గర చంద్రవంక కూడా ఎత్తిపోతల వద్ద 70 అడుగుల కిందికి దూకి కృష్ణలోకే పోతుంది. నీళ్లు కనపడతాయి, అందవు. అందాలంటే నదికే అడ్డుకట్ట వేసి నీటిమట్టం పెంచాలి. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లొదిలారు. శ్రీనాథుడు ఐదు వందల ఏళ్లు ముందొచ్చాడు, అంతే!

వెక్కిరించి ఊరుకున్నాడా అంటే, లేదు. మా పల్నాటి వీరచరిత్రను ద్విపదలో రాసిందీ ఆయనేనంటారు.

చివరికి రెడ్డిరాజుల కొలువులు పోయాయి. ముసలితనంలో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో పొలం గుత్తకు తీసుకున్నాడు. పంటను వరద ఊడ్చుకుపోయింది. పన్ను కట్టలేకపోతే ఎండలో నిలబెట్టి భుజాన రాయి మోయించారని ఆయన చాటువులే చెబుతాయి. నీళ్లు లేవని ఎగతాళి చేసిన కవి, నీళ్లెక్కువై చితికిపోయాడు.

అది చదివాక నా కోపం పోయింది. మా నాన్నా కౌలు రైతే. కుడికాలువకు నీళ్లెప్పుడొదులుతారా అని ఏటా ఎదురుచూస్తాడు. ఒక ఏడు ఎండుతుంది, ఒక ఏడు మునుగుతుంది, కౌలు మాత్రం తప్పదు. ఇప్పుడెవరైనా ఆ చాటువు ఎత్తుకుంటే నేనూ వాళ్లతో గొంతు కలుపుతాను. తర్వాత కూర్చోబెట్టి బొడ్డుపల్లె కథ చెబుతాను. ఇంతవరకు ఆ కథ విన్నాక ఎవరూ నవ్వలేదు.