కరవు కాలపు దాత – జాన్ క్లౌ

ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం పుణ్యకార్యమని పెద్దలు చెబుతారు. అయితే, పుచ్చుకొనేవాని ఆత్మగౌరవానికి భంగం కలుగకుండా, ప్రతిఫలాన్ని ఆశించకుండా ఇవ్వడం అందరికీ సాధ్యం కాదు. క్రైస్తవ ధర్మం బోధించే ఆ దానగుణాన్ని ఒంగోలు సీమలో ఆచరించి చూపిన మహనీయుడు జాన్ ఎవరెట్ క్లౌ.

ఆయన 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో సర్వే బృందంలో చేరి భూమిని కొలిచే విద్య నేర్చుకొన్నారు. 1865లో బాప్టిస్టు మిషనరీగా నెల్లూరు చేరి, తెలుగు భాష అభ్యసించారు. మరుసటి ఏడాది ఒంగోలును తన కార్యక్షేత్రంగా చేసుకొన్నారు. అంటరానివారిగా ముద్రపడి ఊరి వెలుపల బతుకుతున్న మాదిగలు ఆయనను ఆశ్రయించారు. వారిని చేరదీస్తే అగ్రవర్ణాలవారు దూరమవుతారని తెలిసికూడా ఆయన వెనుకాడలేదు. ప్రజలు ఆయనను క్లౌ దొర అని పిలుచుకొన్నారు.

1876లో వానలు ముఖం చాటేశాయి. ధాత కరవుగా పేరొందిన ఆ మహాక్షామం 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించింది. లక్షలాది మంది ఆకలికి, అంటువ్యాధులకు బలి అయ్యారు. భూమి లేని కూలీల గతి మరీ దయనీయమైనది. కరవు పనులకు వెళ్లినా, పైఅధికారుల నిరాదరణకు జడిసి వారు వెనుదిరిగేవారు.

అప్పుడు క్లౌకు తాను నేర్చిన పాత విద్య అక్కరకు వచ్చింది. సముద్రతీరం వెంబడి ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల పనిని ఆయన గుత్తకు తీసుకొన్నారు. తన బోధకులనే పర్యవేక్షకులుగా నియమించారు. వేలాది మంది పలుగు, పార పట్టి, తట్టలతో మట్టి మోసి, కూలి సంపాదించుకొని ప్రాణాలు నిలుపుకొన్నారు. వారు తిన్నది భిక్షాన్నం కాదు, కష్టార్జితం.

ఆ రోజులలో ఎందరో తమకు బాప్తిస్మం ఇమ్మని కోరారు. అన్నం కోసం మతం మారుతున్నారన్న మాట రాకూడదని, ఆకలిని ఆసరాగా చేసుకోకూడదని క్లౌ తలచారు. దాదాపు పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనీయలేదు. సహాయానికీ మతానికీ నడుమ ఆయన గీసిన గీత అది. సహాయం ముగిసిన తరువాత కూడా జనం తరలివచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

క్లౌ 1910లో కన్నుమూశారు. ఒంగోలులో ఆయన స్మారకంగా వైద్యశాల వెలసింది. చేయి చాచినవానికి పిడికెడు గింజలు ఇవ్వడం దయ. ఆ చేతికి పని ఇచ్చి, అతని మనసును స్వేచ్ఛగా విడిచిపెట్టడం అంతకు మించిన దయ. క్లౌ జీవితం మనకు అందించే సందేశం ఇదే.