రంగు కింద మనిషి

మా వర్క్‌షాప్ వెనక రేకుల షెడ్డులో ఓ పాత చెక్క గ్లైడర్ ఉంది. ఈసారి టెక్ ఫెస్ట్‌లో దాన్ని ప్రదర్శనకు పెట్టాలని మా బ్యాచ్‌కి అప్పగించారు. పాత రంగు గీకేసి కొత్త రంగు కొట్టడమే కదా, రెండు రోజుల పని అనుకున్నాం. మొదటి రోజే నేను తొందరపడి సాండింగ్ మిషన్ పెడితే, రెక్క ముందంచు మీద ప్లైవుడ్ పై పొర రూపాయి బిళ్లంత మేర లేచిపోయింది. ఆ ప్లైవుడ్ మొత్తం మందం ఒకటిన్నర మిల్లీమీటర్లే మరి! సార్ ఏమీ అనలేదు. మిషన్ ప్లగ్ పీకేసి, నా చేతికి స్క్రేపరూ ఉప్పుకాగితమూ ఇచ్చి వెళ్లిపోయారు.

ఇక రోజూ సాయంత్రం అదే పని. పెయింట్ రిమూవర్ వాడకూడదు, చెక్కలోకి దిగి జిగురు అతుకుల్ని దెబ్బతీస్తుంది. హీట్ గన్ వేడికి కూడా పాత జిగురు పట్టు సడలొచ్చు. అందుకే చెక్క చారల వెంబడి, మెల్లగా, చేత్తోనే గీకాలి. ఎదురుగా గోడ మీద వెలిసిపోయిన ఓ ఫొటో ఉండేది. గుట్ట మీంచి గబ్బిలం రెక్కల్లాంటివి పట్టుకుని గాల్లో వేలాడుతున్న గడ్డపాయన. పేరు ఒట్టో లిలియెంటాల్. రెక్కలు కట్టుకుని కొండ మీంచి దూకి చచ్చిపోయిన సాహసి అని మాత్రమే నాకు తెలుసు. లైబ్రరీలో ఆయన గురించి చదివాక, అది కూడా ఓ రంగు పొరేనని అర్థమైంది.

ఆయన 1848 మే 23న ఉత్తర జర్మనీలోని అంక్లామ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. పదమూడేళ్లకే తండ్రి పోయారు. తల్లే పిల్లల్ని పెంచింది. తమ్ముడు గుస్టావ్‌తో కలిసి ఊరి బయట కొంగలు ఎలా లేస్తున్నాయో గంటల తరబడి చూసేవారట. స్కూలు రోజుల్లోనే అన్నదమ్ములిద్దరూ చెక్క రెక్కలు చేసుకుని, తోటి పిల్లలు నవ్వుతారని రాత్రిపూట ప్రయత్నించారు. ఎగరలేదనుకోండి.

తర్వాత బెర్లిన్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివారు. అంటే మనలాంటివాడే! 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం వస్తే సైన్యంలో పనిచేసి వచ్చారు. 1883లో బెర్లిన్‌లో సొంతంగా బాయిలర్లు, ఆవిరి ఇంజన్లు తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టారు. 1890లో లాభంలో నాలుగో వంతు కార్మికులకు పంచే పద్ధతి తెచ్చారు. పేదవాళ్లు కూడా చూడగలిగేలా తక్కువ టికెట్‌తో నాటకశాల నడపడంలో చేయి కలిపారు, తానే ఓ నాటకం కూడా రాశారు. మన సాహిత్య క్లబ్బులో చేరాల్సిన మనిషి.

ఇంత పని మధ్యలోనూ రెక్కల లెక్క వదల్లేదు. గిరగిరా తిరిగే ఓ చేతికి చిన్న రెక్కల నమూనాలు తగిలించి, ఏ కోణంలో గాలి ఎంత బలంతో ఎత్తుతుందో కొలిచారు. బల్లపరుపు రెక్క కంటే కొంచెం వంపున్న రెక్క బాగా ఎత్తుతుందని తేల్చారు. మనం ఏరోడైనమిక్స్ పరీక్షలో గీసే పోలార్ డయాగ్రామ్ ఆయన అలవాటు చేసిందే. 1889లో ఇదంతా పుస్తకంగా వేశారు. కొలతలు మొదలుపెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు. అప్పటిదాకా ఆయన ఎగరనే లేదు!

1891లో డెర్విట్స్ అనే ఊరి దగ్గర మొదటిసారి గాల్లో పాతిక మీటర్ల దాకా జారారు. ఈత, వెదురు లాంటి వంగే విల్లో కర్రలతో చట్రం, దాని మీద నూలు గుడ్డ, మొత్తం బరువు సుమారు 20 కిలోలు. 1894లో బెర్లిన్ శివార్లలో 15 మీటర్ల మట్టి గుట్ట సొంతంగా పోయించుకుని, దాని నెత్తిన గ్లైడర్లు దాచుకునే షెడ్డు కట్టారు. రినో కొండల్లో 250 మీటర్ల దాకా వెళ్లారు. మొత్తం దాదాపు రెండువేల ఎగురుళ్లు. అన్నీ కలిపితే గాల్లో ఉన్నది ఐదు గంటలే.

ఆయనకు ఇబ్బంది పెట్టింది అదుపు. చుక్కాని తిప్పడం లేదు, కాళ్లూ నడుమూ ఊపి బరువు మార్చుకోవడమే. 1896 ఆగస్టు 9న గాలి ఒక్కసారిగా ముక్కు పైకెత్తింది. రెక్క పట్టు తప్పి సుమారు 15 మీటర్ల పైనుంచి పడ్డారు. వెన్నెముక విరిగింది. మర్నాడు బెర్లిన్‌లో కన్నుమూశారు. నలభై ఎనిమిదేళ్లు.

ఆ వార్తే అమెరికాలో రైట్ సోదరుల్ని కదిలించింది. 1901లో వాళ్ల గ్లైడర్ లెక్కకు తగ్గట్టు లేవకపోతే లిలియెంటాల్ పట్టికలనే అనుమానించారు. విండ్ టన్నెల్ కట్టి మళ్లీ కొలిచి చూస్తే, ఆయన పట్టికలు చాలావరకు సరిగ్గానే ఉన్నాయి. తేడా ఎక్కువగా అందరూ ఎప్పట్నుంచో వాడుతున్న పాత గాలి ఒత్తిడి గుణకంలో ఉంది. ఆయన తన కొలతలన్నీ అచ్చేసి బయట పెట్టబట్టే కదా, ఇంకొకరు అనుమానించగలిగారు, సరిచూడగలిగారు!

ఫెస్ట్‌కి నాలుగు రోజుల ముందు, రెక్క మొదట్లో మందంగా ఉన్న రంగు గీకితే కింద లప్పం, లప్పం కింద విడిపోయిన జిగురు అతుకు బయటపడ్డాయి. ఎవరో ఎప్పుడో మూసి రంగు కొట్టేశారు. మావాళ్లు కొందరు మళ్లీ లప్పం పెట్టేద్దాం, ఎలాగూ ఎగరదు కదా అన్నారు. నిజం చెప్పాలంటే మొదటి రోజైతే నేనూ అదే అనేవాణ్ణి. ఈసారి ఒప్పుకోలేదు. రాత్రి దాకా వాదించుకున్నాం.

చివరికి రంగు వేయకుండానే పెట్టాం. అతుకు విడిన చోట చీటీ అంటించాం. నేను చెడగొట్టిన రూపాయి బిళ్లంత చోటూ అలాగే ఉంది. దాని పక్కన ఇంకో చీటీ ఉంది, నా పేరుతో.