నవ్వించిన శశిరేఖ

మన విస్సన్నపేట హాస్టల్ టీవీలో 'మాయాబజార్' వచ్చిన ఆదివారం హాల్లో కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. మాయా శశిరేఖ పెళ్లిపీటల మీద లక్ష్మణ కుమారుడి కాలు తొక్కే సీను దగ్గర వంటావిడ కూడా గరిటెతో గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఒక మగవాడు, అందులోనూ రాక్షసుడు, ఆడపిల్ల ఒంట్లో దూరితే ఎలా నడుస్తాడో, ఎలా చూస్తాడో సావిత్రి గారు చేసి చూపిస్తుంటే మేము పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. అలా నవ్వించిన మనిషి జీవితం ఎలా గడిచిందో మాకు అప్పట్లో తెలియదు. పెద్దయ్యాక తెలిసింది. ఈ సంచికలో ఆమె గురించి రాయాలనుకున్నాం.

సావిత్రి గారిది గుంటూరు జిల్లా చిర్రావూరు. తండ్రి నిశ్శంకర గురవయ్య, తల్లి సుభద్రమ్మ. ఆరు నెలల పసికందుగా ఉండగానే తండ్రి పోయాడు. పెద్దమ్మ దుర్గాంబ, పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య ఇంట్లో విజయవాడలో పెరిగింది. తండ్రి లేని పిల్ల అందరి మెప్పూ ఎందుకు కోరుకుంటుందో మనలో చాలామందికి చెప్పనక్కర్లేదు. శిష్ట్లా పూర్ణయ్య శాస్త్రి గారి దగ్గర సంగీతం, నాట్యం నేర్చుకుంది. చిన్నతనంలోనే నాటకాలాడింది. కాకినాడలో ఆమె నాట్యం చూసిన పృథ్వీరాజ్ కపూర్ ఆమెను పూలమాలతో సత్కరించాడు.

సినిమా మాత్రం అంత తేలిగ్గా దొరకలేదు. 'సంసారం' (1950)లో హీరోయిన్‌గా తీసుకున్నారు గానీ, అభిమాన నటుడు నాగేశ్వరరావు గారి ఎదుట నిలబడేసరికి కంగారులో మాటలు రాలేదు. ఆ వేషం పోయి చిన్న పాత్ర మిగిలింది. 'పాతాళ భైరవి' (1951)లో దక్కింది ఒక్క నాట్యం. 'పెళ్లి చేసి చూడు' (1952), 'దేవదాసు' (1953) వచ్చాక ఇక వెనక్కి చూసుకోలేదు. 'మిస్సమ్మ' (1955)కి ముందు భానుమతి గారిని అనుకున్నారు, కొంత షూటింగ్ కూడా జరిగింది. ఆమె తప్పుకోవడంతో ఆ పాత్ర సావిత్రికి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకు, 1957లో, 'మాయాబజార్'.

అందరినీ నవ్విస్తున్న ఆ రోజుల్లో ఆమె ఇంట్లో ఏం జరుగుతోంది? 1952లోనే తమిళ నటుడు జెమినీ గణేశన్‌ను పెళ్లి చేసుకుంది. ఆయనకు అప్పటికే భార్య, పిల్లలు ఉన్నారు. పెళ్లి సంగతి ఏళ్ల తరబడి దాచారు. లక్స్ సబ్బు ప్రకటనకు సావిత్రీ గణేశ్ అని సంతకం చేయడంతో లోకానికి తెలిసిందంటారు. అంటే అన్నేళ్లు కెమెరా ముందు కన్నెపిల్లగా నవ్వుతూ, ఇంటికి వచ్చి గుట్టుగా కాపురం చేసిందన్నమాట. ఆమె గ్లిజరిన్ లేకుండానే కన్నీళ్లు పెట్టుకునేదని సినిమావాళ్లు చెప్పుకుంటారు. అది గొప్పే. మాకు మాత్రం ఆ నవ్వే అంతకన్నా కష్టమైన నటన అనిపిస్తుంది.

పెట్టే చెయ్యి ఆమెది. 1965 యుద్ధ సమయంలో ఒంటి మీది నగలు దేశ రక్షణ నిధికి ఇచ్చేసింది. రేపల్లె దగ్గర వడ్డివారిపాలెంలో ఆమె పేరు మీద ఉన్నత పాఠశాల ఉంది. మనలాంటి పిల్లలే అక్కడ చదువుకుంటున్నారు. అడిగినవాడికి లేదనేది కాదు. అడిగినవాళ్లలో ఎంతమంది ఆమె ఎలా ఉందని తిరిగి అడిగారో!

1968లో 'చిన్నారి పాపలు'కు దర్శకత్వం వహించింది. సాంకేతిక శాఖల్లో చాలావరకు స్త్రీలనే పెట్టుకుంది, సంగీతం పి. లీల. ఆ రోజుల్లో అది ఎంత సాహసమో! సినిమా ఆడలేదు. 'మూగమనసులు' సినిమాను తమిళంలో 'ప్రాప్తం' (1971)గా తీసి చేతులు కాల్చుకుంది. భర్తతో దూరం పెరిగింది, అప్పులు వచ్చాయి, ఆదాయపు పన్ను వాళ్లు వచ్చారు. మద్రాసు హబీబుల్లా రోడ్డులోని పెద్ద ఇల్లు చేజారింది. తాగుడు అలవాటైంది, చక్కెర వ్యాధి తోడైంది. తాగి చెడిపోయిందని కొట్టు దగ్గర అరుగు మీద కూర్చుని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లను మేము చూశాం. భర్తే ముంచాడని ఇంకొకరంటారు. ఆమె ఎదురుగా కూర్చుని వినేవాళ్లు తగ్గిపోయాకే సీసా దగ్గరైందని మా అభిప్రాయం. అంత కష్టంలోనూ 'గోరింటాకు' (1979)లో తల్లి వేషం వేసింది. 1980 మే నెలలో బెంగళూరులో కోమాలోకి వెళ్లింది. పంతొమ్మిది నెలలు అలాగే ఉండి 1981 డిసెంబరు 26న కన్నుమూసింది. అప్పటికి యాభై ఏళ్లు కూడా నిండలేదు. 2011లో తపాలా బిళ్ల వేశారు, 2018లో 'మహానటి' సినిమా తీశారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, ఆ ఆదివారం హాల్లో అందరికన్నా గట్టిగా నవ్వింది మా తొమ్మిదో తరగతి స్నేహితురాలు. మాయా శశిరేఖ నడకను అచ్చుగుద్దినట్టు నడిచి చూపించి మమ్మల్ని చంపేసింది. రాత్రి దీపాలు ఆర్పాక ట్రంకు పెట్టెల వెనక వెక్కిళ్లు వినిపిస్తే ఎలుకేమో అనుకుని లేచాం. మామిడి కోతలు అయిపోగానే చదువు మాన్పించి పెళ్లి చేస్తామని ఇంటి దగ్గర అనుకుంటున్నారట. పదిహేను రోజులుగా ఆమెకు తెలుసు. ఆ పదిహేను రోజులూ మమ్మల్ని నవ్విస్తూనే ఉంది. మేము ఒక్కరం కూడా అడగలేదు.

తెల్లారి అందరం కలిసి వార్డెన్ మేడం దగ్గరికి వెళ్లాం. మేడం వాళ్ల అమ్మకు కబురు పెట్టి రెండు గంటలు కూర్చోబెట్టి మాట్లాడారు. అమ్మ ముందు ఒప్పుకోలేదు. మరుసటి వారం తనే మళ్లీ వచ్చింది, సంచీలో చిన్న రసాలు, పిల్లకు కొత్త నోటు పుస్తకాలు తెచ్చింది. మా స్నేహితురాలు పది పాసైంది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది.

ఈ వార్షికోత్సవానికి తను వస్తోంది. సాయంత్రం 'మాయాబజార్' పెట్టించమని మేడంకు ముందే చెప్పి ఉంచాం.