దేశంలో తొలి మహిళా ఇంజినీర్ తెలుగావిడే.. 18 ఏళ్లకే భర్తను పోగొట్టుకున్న లలిత భాక్రా డ్యామ్ దాకా ఎలా వెళ్లారంటే..

కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ఏ బిల్డింగ్ సైట్ దగ్గర చూసినా ఆడవాళ్లు కనిపిస్తారు. ఇసుక తట్టలు, ఇటుకలు, సిమెంట్ మాలు నెత్తిన మోసేది వాళ్లే. తాపీ పట్టే మేస్త్రి మాత్రం దాదాపు ఎప్పుడూ మగాయనే. రోజు కూలీలోనూ తేడానే. ఇక ప్లాన్ గీసే టేబుల్ దగ్గరైతే ఒకప్పుడు ఆడమనిషి అన్న మాటే లేదు. ఆ టేబుల్ దగ్గరికి దేశంలో ముందుగా చేరిన మహిళ అయ్యలసోమయాజుల లలిత.

15 ఏళ్లకే పెళ్లి

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో ఓ తెలుగు కుటుంబంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఐదో సంతానం. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. అప్పటి ఆచారం ప్రకారం 15 ఏళ్లకే ఆమెకు పెళ్లి చేశారు. అయినా పదో తరగతి దాకా చదువు ఆగకుండా తండ్రి చూసుకున్నారు.

1937లో కూతురు పుట్టింది. నాలుగు నెలలు తిరక్కుండానే భర్త చనిపోయారు. అప్పటికి లలిత వయసు 18. వితంతువు అంటే ఇంట్లో ఓ మూలన ఉండాల్సిన రోజులవి. ఆమె మాత్రం పుట్టింటికి వచ్చి మళ్లీ పుస్తకం పట్టారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్ ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యారు.

డాక్టర్ ఎందుకు వద్దనుకున్నారు?

ఆడపిల్ల పెద్ద చదువు అంటే అప్పట్లో మెడిసిన్. కానీ డాక్టర్‌కి అర్ధరాత్రి పిలుపొచ్చినా వెళ్లాల్సిందే. చంటిబిడ్డను వదిలి వెళ్లడం ఆమెకు ఇష్టం లేదు. వేళకు ఇల్లు చేరగలిగే పని కావాలి. అందుకే ఇంజినీరింగ్ ఎంచుకున్నారు.

గిండీలో అప్పటికి ఒక్క అమ్మాయీ లేదు. తండ్రి వెళ్లి ప్రిన్సిపల్ చాకోను ఒప్పించారు. వందల మంది అబ్బాయిల మధ్య లలిత ఒక్కరే. ఆ ఒంటరితనం చూసి, అమ్మాయిలూ చేరొచ్చని కాలేజీ పేపర్లలో ప్రకటన వేయించారు. మరుసటి ఏడాది లీలమ్మ జార్జ్, పీకే త్రేసియా సివిల్‌లో చేరారు. ముగ్గురి డిగ్రీ సర్టిఫికెట్ల మీదా మగవాళ్లకు వాడే పదమే అచ్చయి ఉండేది. దాన్ని కొట్టేసి చేత్తో దిద్దాల్సి వచ్చింది!

భాక్రాలో ఆమె పని

ప్రాక్టికల్ ట్రైనింగ్ జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పూర్తిచేశారు. తర్వాత సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో రెండేళ్లు ఉద్యోగం. కొన్నాళ్లు తండ్రి పరిశోధనల్లో సాయపడ్డారు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. అక్కడ కరెంటు లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్ ఆమె పని. దాదాపు 226 మీటర్ల ఎత్తున్న భాక్రా డ్యామ్ జనరేటర్ల పనిలోనూ ఆమె చెయ్యి ఉంది.

అయితే ఓ అడ్డు మాత్రం చివరిదాకా ఉంది. వితంతువు ఒంటరిగా ఊళ్లు తిరగడం అప్పటి సమాజానికి నచ్చేది కాదు. దాంతో సైట్‌కు బదులు ఆఫీసు డిజైన్ పనికే ఎక్కువగా పరిమితమయ్యారు. కూలీ ఆడవాళ్లు బరువులు మోస్తూ సైట్‌లో ఉంటే, చదువుకున్న ఇంజినీర్‌కు అదే సైట్ దూరమైంది.

1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల సదస్సుకు సొంత హోదాలో వెళ్లొచ్చారు. 1966లో లండన్ ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థలో పూర్తి సభ్యత్వం దక్కింది. 1977లో రిటైరయ్యారు. 1979 అక్టోబర్ 12న, 60 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కూతురిని చదివించి ప్రయోజకురాలిని చేశారు.

ఆమె వెనకే వచ్చిన త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖ చీఫ్ ఇంజినీర్ అయ్యారు. రోడ్లు, వంతెనలు ఆమె చేతుల మీదుగా వెళ్లాయి.

ఇప్పుడు బాసర ట్రిపుల్ ఐటీలో, కొండగట్టు దగ్గరి జేఎన్టీయూ కాలేజీలో పల్లెల అమ్మాయిలు ఇంజినీరింగ్ చదువుతున్నారు. సీటు కోసం ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. కానీ అడ్డా మీద కూలి కోసం నిలబడే అమ్మలకు తాపీ ఇంకా అందలేదు. లలిత తెరిచిన తలుపు వాళ్ల దాకా రావాల్సి ఉంది.