ఐడా వెల్స్

అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమున మిసిసిపీ యను రాష్ట్రము కలదు. అందు హోలీ స్ప్రింగ్స్ అను చిన్న పట్టణమున 1862వ సంవత్సరము జులై 16వ తేదీన ఐడా వెల్స్ జన్మించెను. పుట్టిననాడు ఆమె బానిస. ఆమె తల్లిదండ్రులును బానిసలే. తండ్రి జేమ్స్ వడ్రంగి, తల్లి ఎలిజబెత్ వంటకత్తె. ఆ దినములలో దక్షిణ రాష్ట్రములందు నల్లజాతివారిని పశువులవలె కొనుటయు అమ్ముటయు చట్టసమ్మతమై యుండెను. ఈ విషయముననే ఉత్తర దక్షిణ రాష్ట్రములకు ఘోరమైన అంతర్యుద్ధము జరుగుచుండెను. 1865లో యుద్ధము ముగిసెను, బానిసత్వము రద్దయ్యెను. మూడేండ్ల పసిబిడ్డకు తాను విడుదలయైన సంగతి ఏమి తెలియును?

అంతవరకు దక్షిణాదిన పలు రాష్ట్రములలో బానిసలకు చదువు చెప్పుట నేరము. అందుచేత స్వాతంత్ర్యము రాగానే నల్లవారు మొట్టమొదట కోరినది బడి. హోలీ స్ప్రింగ్సులో వెలసిన విద్యాలయమునకు జేమ్స్ వెల్స్ ధర్మకర్తలలో ఒకడయ్యెను. తల్లి తన బిడ్డలతోపాటు తానును బడికి పోయి, బైబిలు స్వయముగా చదువగలుగు వరకు నేర్చుకొనెను.

1878లో ఆ ప్రాంతమున పచ్చజ్వరము ప్రబలెను. అది దోమకాటువలన వ్యాపించునని అప్పటికి ఎవరికిని తెలియదు. పల్లెలో నాయనమ్మ ఇంట నున్న ఐడాకు ఒకనాడు పిడుగువంటి వార్త చేరెను. తల్లియు, తండ్రియు, చంటి తమ్ముడును మరణించిరి. అందరు వలదని వారించినను ఆమె ఇంటికి బయలుదేరెను. ప్రయాణికుల బండ్లు నడచుటలేదు. ఆమె ఒక గూడ్సుబండి ఎక్కెను. ఆమె కూర్చున్న పెట్టెకు నల్లగుడ్డలు కట్టియుండెను. అంతకుముందు ఆ బండిలో పనిచేసిన ఇద్దరు గార్డులు ఆ జ్వరముతోనే చనిపోయిరట.

ఇంటికి చేరునప్పటికి తండ్రి స్నేహితులు కూడి, పిల్లలను తలకొక ఇంటికి పంచుటకు ఏర్పాట్లు చేయుచుండిరి. పక్షవాతముతో నడువలేని చెల్లెలిని మాత్రము తీసికొనుటకు ఎవరును ముందుకు రాలేదు. ఆమెను అనాథాశ్రమమునకు పంపవలెనని తీర్మానించిరి. పదునారేండ్ల ఐడా అందుకు ఒప్పుకొనలేదు. తాము ఆరుగురము విడిపోమనియు, తనకొక ఉద్యోగము చూపించినచో చాలుననియు పట్టుపట్టెను. పరీక్షలో నెగ్గి, పెద్దదానివలె కనబడుటకై పావడా అంచులు పొడిగించుకొని, ఆరుమైళ్ల దూరమున నున్న ఒక పల్లెబడిలో చేరెను. జీతము నెలకు 25 డాలర్లు. వారమంతయు అచట పాఠములు చెప్పి, శుక్రవారము సాయంకాలము కంచరగాడిద నెక్కి ఇల్లు చేరి, రెండుదినములు బట్టలుతికి, వంటచేసి, ఆదివారమునకు మరల పయనమయ్యెడిది. పదునారేండ్ల వయసున తరగతి ముందు నిలుచుట ఎట్టిదో, బడిపంతులుగానే జీవితము గడపిన నేను ఊహించుకొనగలను.

కొంతకాలమునకు ఆమె టెన్నెసీ రాష్ట్రములోని మెంఫిస్ నగరము చేరి అచట ఉపాధ్యాయురాలయ్యెను. 1884లో ఆమె మొదటి తరగతి టిక్కెట్టు కొని, స్త్రీల పెట్టెలో కూర్చుండి రైలులో పోవుచుండగా, కండక్టరు వచ్చి పొగత్రాగువారి పెట్టెలోనికి పొమ్మనెను. ఆమె కదలలేదు. అతడు చేయిపట్టి లాగగా ఆమె అతని చేతిని గట్టిగా కొరికెను. అతడు మరి ఇద్దరిని పిలుచుకొనివచ్చి ఆమెను ఈడ్చివేసెను. పెట్టెలోని తెల్లవారు చప్పట్లు కొట్టిరి. దక్షిణాఫ్రికాలో మన గాంధీగారిని మొదటి తరగతి పెట్టెనుండి నెట్టివేయుటకు తొమ్మిదేండ్ల ముందటి మాట యిది. ఐడా రైల్వే కంపెనీపై దావా వేసెను. క్రింది న్యాయస్థానము ఆమెకు 500 డాలర్లు నష్టపరిహారము ఇప్పించెను. కాని 1887లో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసి, ఖర్చులు సైతము ఆమెయే చెల్లింపవలెనని చెప్పెను. న్యాయస్థానములు తనవారిని కాపాడునని ఆమెకుండిన నమ్మకము ఆనాడు చెదరెను.

ఈలోగా ఆమె పత్రికలకు వ్యాసములు వ్రాయసాగెను. 1889లో మెంఫిస్ నుండి వెలువడు ఫ్రీ స్పీచ్ అను పత్రికలో భాగస్వామినియై, సంపాదకురాలయ్యెను. నల్లపిల్లల బడులు ఎంత హీనస్థితిలో నున్నవో ఆ పత్రికలో వ్రాసినందుకు 1891లో ఆమె ఉపాధ్యాయపదవి ఊడినది. అప్పటినుండి పత్రికయే ఆమెకు బ్రతుకు. దానిని గులాబిరంగు కాగితముపై అచ్చువేయించెడిది. చదువురానివారు సైతము రంగునుబట్టి గుర్తించి కొని, చదువువచ్చిన వారిచేత చదివించుకొనెడివారు.

ఇక ఆమె జీవితమును మార్చివేసిన సంఘటన చెప్పవలెను. దానికి ముందు లించింగు అను మాటకు అర్థము చెప్పవలసి యున్నది. అది పిల్లలకు చెప్పుటకు కష్టమైన సంగతియే, అయినను దాచరానిది. విచారణ లేక, సాక్ష్యము లేక, గుంపుగా కూడి ఒక మనిషిని పట్టి చంపుటను ఆ దేశమున లించింగు అందురు. దక్షిణాదిన అది పట్టపగలు, వేలమంది చూచుచుండగా జరిగెడిది. స్త్రీలపై అత్యాచారము చేసినవారినే అట్లు చంపుదుమని చంపినవారు చెప్పెడివారు. దూరముననున్నవారు అది నిజమని నమ్మెడివారు. ఐడాయు కొంతకాలము నమ్మెను.

థామస్ మాస్ అనునతడు మెంఫిస్‌లో తపాలా బంట్రోతు. సత్ప్రవర్తన గలవాడు. ఆయన కుమార్తెకు ఐడా జ్ఞానస్నానపు తల్లి. ఆయన కొందరు మిత్రులతో కలిసి ఊరిచివర ఒక కిరాణాదుకాణము పెట్టెను. అంతవరకు ఆ పేటలోని వ్యాపారమంతయు ఒక తెల్లవాని దుకాణమునకే పోవుచుండెను. అతనికి కన్నుకుట్టెను. గోళీలాటలో పిల్లల మధ్య పుట్టిన తగవు పెద్దల తగవుగా పెరిగెను. ఒక రాత్రి సాయుధులు కొందరు మామూలు దుస్తులలో దుకాణము మీదికి రాగా, లోపలివారు దొంగలని తలచి కాల్చిరి. ముగ్గురు గాయపడిరి, ఎవరును చావలేదు. వచ్చినవారు షెరీఫు మనుష్యులని తరువాత తెలిసెను. మాస్‌ను, అతని సహచరులు మెక్‌డోవెల్, స్టూవర్ట్ అను వారిని చెరసాలలో నుంచిరి. 1892 మార్చి 9వ తేదీ తెల్లవారుజామున ఒక గుంపు చెరసాలలో ప్రవేశించి, ఆ ముగ్గురిని ఊరి వెలుపలికి కొనిపోయి కాల్చి చంపెను. దుకాణమును దోచిరి. ఐడా అప్పుడు ఊరిలో లేదు. ఆమె తిరిగివచ్చునప్పటికే మిత్రుని పాతిపెట్టిరి.

ఏ స్త్రీకిని అపచారము చేయని మనిషి, కేవలము దుకాణము బాగుగా నడపినందుకు చంపబడెను. అప్పుడామె కన్నులు తెరచెను. మన ధనమానప్రాణములను కాపాడని ఊరిలో మనమెందుకుండవలెనని పత్రికలో వ్రాసెను. వేలకొలది నల్లవారు ఇండ్లు విడిచి పశ్చిమమునకు సాగిపోయిరి. ఓక్లహోమాలో ఆకలిచావులేయని తెల్లవారి పత్రికలు బెదరింపగా, ఆమె స్వయముగా అచటికి పోయి మూడువారములుండి, చూచినది చూచినట్లు వ్రాసి పంపెను. ఉండిపోయినవారు ట్రాము బండ్లు ఎక్కుట మానిరి. కంపెనీ అధికారులు ఇద్దరు ఆమె కార్యాలయమునకు వచ్చి, మీవారికి కొత్తగా పెట్టిన విద్యుచ్ఛక్తి యనిన భయమా యని అడిగిరి. భయము దేనికో వారికి తెలియకపోలేదు.

ఆ పిమ్మట ఆమె లించింగు జరిగిన చోట్లకు తానే పోయి విచారింపసాగెను. అత్యాచారమను నింద పెక్కుచోట్ల కట్టుకథయని తేలెను. ఆ సంగతి మే నెలలో నిర్భయముగా ప్రకటించెను. ఆమె ఉత్తరాదికి ప్రయాణమై పోయిన సమయమున, మే 27వ తేదీన, గుంపు వచ్చి ఆమె పత్రికాకార్యాలయమును ధ్వంసము చేసెను. తిరిగివచ్చినచో చంపుటకు రైలుస్టేషనులో మనుష్యులు కాచియుండిరని ఆమెకు కబురు వచ్చెను. న్యూయార్కులో నిలిచిపోయి, అచటి ఏజ్ అను పత్రికలో వ్రాసెను. ఆ నగరపు నల్లజాతి స్త్రీలు సభచేసి 500 డాలర్లును, కలము ఆకారముగల బంగారు పతకమును ఇచ్చిరి. ఆ డబ్బుతో తన మొదటి చిన్న పుస్తకమును అచ్చువేయించెను.

ఆమె వాదించు పద్ధతి గమనింపదగినది. 1895లో ప్రకటించిన ది రెడ్ రికార్డ్ అను గ్రంథమున లెక్కలన్నియు తెల్లవారి పత్రికయగు చికాగో ట్రిబ్యూన్ నుండియే తీసికొనెను. కావున కల్పించినవని ఎవరును అనుటకు వీలులేకపోయెను. 1892 ఒక్క సంవత్సరముననే 241 మంది లించింగునకు గురియైరి. వారిలో 160 మంది నల్లవారు. చంపబడిన వారిలో అత్యాచారమను ఆరోపణ యున్నది సుమారు మూడింట ఒక వంతు మందిపై మాత్రమే. మిగిలినవారిలో కొందరు ఎదురు మాటాడినందుకును చంపబడిరి. 1893, 1894 సంవత్సరములలో రెండుమారులు ఆమె బ్రిటన్‌కు పోయి ఈ సంగతులను సభలలో చెప్పెను.

1895లోనే చికాగో న్యాయవాది ఫెర్డినాండ్ బార్నెట్‌ను వివాహమాడి, తన ఇంటిపేరు వదలక వెల్స్-బార్నెట్ అని వ్రాసికొనెను. చంటిబిడ్డను చంకనెత్తుకొని సభలకు పోయెడిది. 1909లో ఇల్లినాయిస్ రాష్ట్రమున కైరో పట్టణములో ఒక ఖైదీని గుంపు చంపెను. ఖైదీని గుంపునకు వదలిన షెరీఫు పదవి కోల్పోవలెనని ఆ రాష్ట్రమున 1905లో చట్టమైయుండెను. ఆ షెరీఫు మరల పదవి కోరుచుండెను. భర్త పొమ్మనెను గాని, తనను విమర్శించువారే ఎక్కువైరని ఐడా విసిగి, పోనని పడుకొనెను. పెద్ద కుమారుడు వచ్చి, నీవు పోకున్న ఇంకెవరు పోదురని అడిగెను. మరునాడు ఆమె బయలుదేరెను. షెరీఫు పక్షమున సంతకములు చేసిన నల్లవారిచేతనే ఆ సంతకములు తప్పని చెప్పించి, గవర్నరు ఎదుట పెద్ద న్యాయవాదులతో వాదించెను. షెరీఫునకు పదవి దక్కలేదు.

ఆమెకు కోపము హెచ్చు, రాజీ తక్కువ. 1909లో నల్లవారి హక్కులకై జాతీయసంఘము ఏర్పడినప్పుడు ఆమె పేరును మొదట జాబితానుండి తొలగించి, తరువాత చేర్చిరి. ఆమె ఆ సంఘమున ఎక్కువకాలము నిలువలేదు. తప్పంతయు ఇతరులదేయని నేననను. 1913లో వాషింగ్టనులో స్త్రీల ఓటుహక్కుకై జరిగిన ఊరేగింపులో నల్లస్త్రీలు వెనుక నడువవలెననిరి. ఆమె జనములో నిలిచియుండి, తన రాష్ట్రపు తెల్లస్త్రీల వరుస రాగానే అందులో చేరి నడచెను. 1917లో హ్యూస్టన్ అల్లరుల పేర 13 మంది నల్లసైనికులను ఉరితీయగా, వారి స్మారకముగా బిళ్లలు చేయించి పంచెను. ప్రభుత్వపు గూఢచారులు వచ్చి దేశద్రోహమని బెదరించినను మానలేదు. ఆనాటి శిక్షలన్నింటిని అమెరికా సైన్యము 2023లో రద్దుచేసినది.

1919లో ఆర్కన్సా రాష్ట్రమున ఎలైన్ ప్రాంతపు కౌలురైతులు ప్రత్తికి న్యాయమైన ధర కోరి సంఘము కట్టగా, వారిని పెక్కుమందిని చంపి, మిగిలినవారిలో పన్నెండుగురికి మరణశిక్ష విధించిరి. సుమారు ముప్పదేండ్లుగా దక్షిణాది గడ్డ త్రొక్కని ఐడా, ఖైదీల బంధువువలె వేషము వేసికొని చెరసాలకు పోయెను. వారు పరలోకమును గూర్చి పాటలు పాడిరి. చావును గూర్చి కాక బ్రతుకును, విడుదలను గూర్చి ప్రార్థింపుడని ఆమె వారికి చెప్పి, వారి కథ పుస్తకముగా వ్రాసెను. ఆ పన్నెండుగురును తుదకు విడుదలయైరి.

లించింగును జాతీయనేరముగా చేయు మొదటి బిల్లు 1900లో అమెరికా చట్టసభ ముందుకు వచ్చెను. అట్టి బిల్లులు రెండువందలకు పైగా వీగిపోయినవి. 2022 మార్చి 29వ తేదీన గాని ఆ చట్టము కాలేదు.

ఐడా 1928లో స్వీయచరిత్ర వ్రాయ మొదలిడెను. ఒక సభలో ఒక యువతి ఆమెను ఫ్రాన్సు దేశపు వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్‌తో పోల్చి, ఎందుకట్లు పోల్చితివని అడుగగా చెప్పలేకపోయెనట. తమ చరిత్ర తమ పిల్లలకే తెలియదని ఐడా గ్రహించి కలము పట్టెను. 1931 మార్చి 25వ తేదీన చికాగోలో మరణించునప్పటికి ఆ గ్రంథము ముగియలేదు. కుమార్తె ఆల్ఫ్రెడా దానిని పదిలపరచి, ఎన్నో ఏండ్లు ప్రచురణకర్తలకై వెదకి, 1970లో వెలువరింపజేసెను. ఆ వ్రాతప్రతిలోని చివరి వాక్యము సగములోనే ఆగియున్నది.